చీకటి పడకముందే ఇచ్ఛాపురం దాటాలి

బరంపురంలో పెళ్లి. మా చిన్నత్తగారి మనవరాలిది. శ్రీకాకుళంలో పొద్దున్నే కారెక్కితే జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం. ఆ తరువాత కాస్త దూరంలోనే ఊరు. పెళ్లికొడుకును ఖాయం చేయడానికి వాళ్లకు నాలుగు రోజులు పట్టింది. ఆ పెళ్లికి ఎలా వెళ్లాలో తేల్చుకోవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఎందుకంటే దారిలో సరిహద్దు ఉంది.

సరిహద్దు అనగానే ముళ్లకంచె, దుర్భిణీ పట్టుకున్న సైనికుడు మీ కళ్ల ముందు మెదిలితే ఆ తప్పు మీది కాదు, సినిమాలది. ఇచ్ఛాపురం దాటి పురుషోత్తపురం దగ్గరకు వచ్చేసరికి బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు పోయి ఇంకాస్త గుండ్రటి అక్షరాలు వస్తాయి. అదే సరిహద్దు. ఒకప్పుడు అక్కడ లారీలు బారులు తీరి నిలబడేవి కనుక, ఏదో ఒకటి దాటుతున్నామన్న మర్యాదైనా ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశాక ఆ మర్యాదా పోయింది. ఏమరుపాటుగా ఉంటే ఒడిశాలోకి వచ్చేశామని గిరిసోల చేరేదాకా తెలియదు.

మా మామగారికి మాత్రం తెలుస్తుంది. ఆయన సిద్ధాంతం ప్రకారం ఆ బోర్డు దగ్గర మనుషుల నైజం మారుతుంది. ఇవతలి దొంగ పొట్టకూటి కోసం పాట్లు పడే అభాగ్యుడు. అవతలి దొంగ మన కారు కోసమే రాత్రంతా మేలుకొని ఉండే వృత్తి నిపుణుడు.

ఈ నైజం ఎప్పుడు మారిందో తేదీతో సహా చెప్పవచ్చు: 1936 ఏప్రిల్ 1. అంతకు ముందురోజు దాకా బరంపురమూ శ్రీకాకుళమూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. ఆ రోజున ఒరిస్సా వేరే రాష్ట్రమై బరంపురం అటు వెళ్లింది, శ్రీకాకుళం ఇటు మిగిలింది. అంటే మార్చి 31 రాత్రి పడుకున్నప్పుడు అందరూ మనవాళ్లే. తెల్లవారి లేచేసరికి సగం మంది అనుమానితులు. అది ఏప్రిల్ ఒకటో తేదీ కావడం కాకతాళీయమే అనుకుందాం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన పర్లాకిమిడి కూడా ఆ పూటే అవతలి ఊరైపోయింది. పాతపట్నం వాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. వాళ్లకు పర్లాకిమిడి అంటే సైకిలు మీద వెళ్లి కూరగాయలు తెచ్చుకునే దూరం. వాళ్ల సాక్ష్యాన్ని మా మామగారు ఒప్పుకోరు. "రోజూ దాటేవాడికి సరిహద్దు గురించి ఏం తెలుస్తుంది?" అంటారు.

మొదటి విడత చర్చకు పక్కింటి మాస్టారిని పిలిచాం. పిలవకపోయినా వచ్చేవారు. ఇలాంటి విషయాలకు ఆయన ఫోనే ఒక భాండాగారం. రోడ్డు మీద పసిబిడ్డ ఏడుస్తున్నా ఆగవద్దు. అద్దం మీద గుడ్డు పడితే వైపరు వేయవద్దు, వేస్తే తెల్లగా అలుముకుని దారి కనిపించదు, అప్పుడు వాళ్లు వస్తారు. ఇది ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది అని అడిగాను. "పైన 'పోలీసుల హెచ్చరిక' అని రాసి ఉంది కదా బాబూ" అన్నారు. ఇదే గుడ్డు నిరుడు ఆయనకు మరో రాష్ట్రం పేరుతో వచ్చింది. దొంగ అదే, గుడ్డు అదే, సరిహద్దు ఒక్కటే మారింది. కోడి ఏ రాష్ట్రానిదో మాత్రం విచారణలో తేలవలసి ఉంది.

మాస్టారి మాటకు మా వీధిలో విలువ ఎక్కువ. ఎందుకంటే ఆయన స్వయంగా నేరం బారిన పడిన మనిషి. ఎవరో ఫోను చేసి, మీ పేరు మీద మాదకద్రవ్యాల పార్సిల్ దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు అని చెబితే, ఒకటిన్నర రోజు వీడియో కాల్ ముందు బుద్ధిగా కూర్చుని, దాచుకున్న పింఛను డబ్బంతా వాళ్లు చెప్పిన ఖాతాకు పంపారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని, సైబర్ నేరాల ఫిర్యాదుల నంబరు 1930కి వెంటనే ఫోను చేసి ఉంటే కొంతైనా ఆగేదేమోనని తరువాత తెలిసింది. "ఇంట్లో పడకకుర్చీలో ఉన్నాను కాబట్టి ప్రాణాలతో బయటపడ్డాను. అదే బరంపురం రోడ్డు మీద అయి ఉంటేనా?" అంటారు ఆయన. దీనికి జవాబు చెప్పగల తర్కం నాకు ఏ బడిలోనూ నేర్పలేదు.

రెండో విడతలో రైలు ప్రస్తావన వచ్చింది. ఆముదాలవలసలో ఎక్కితే తిన్నగా బరంపురంలో దిగవచ్చు. రైల్లో గొలుసు పోతుంది అని మా ఆవిడ. బస్సులో సంచి పోతుంది అని మామగారు. కారులో వెళ్తే కారే పోతుంది అని మాస్టారు. విజయనగరం నుంచి మా తోడల్లుడు ఫోనులో పాల్గొని, సాలూరు మీదుగా కొండలెక్కి చుట్టూ తిరిగి రమ్మన్నాడు. అక్కడా సరిహద్దే కదా అంటే, "అక్కడ సరిహద్దు ఎక్కడుందో ప్రభుత్వాలకే తెలియదు, ఇక దొంగలకేం తెలుస్తుంది?" అన్నాడు. మాటలో కొంత పస ఉంది. కొఠియా ప్రాంతంలోని 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్నాయి. 2021లో మన రాష్ట్రం అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ చాలామంది దగ్గర రెండు వైపుల కార్డులూ ఉంటాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది, నిజమే. కానీ ఊళ్లు మావంటే మావి అనే ఇద్దరూ అక్కడ ఒక మేక పోతే మీదంటే మీది అంటారేమోనని నా అనుమానం.

చివరికి కారే ఖాయమైంది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది: బంగారం.

పెళ్లికి నగలు లేకుండా వెళ్లడం కుదరదు. నగలతో సరిహద్దు దాటడమూ కుదరదు. ఇంట్లో వదిలి వెళ్తే, తాళం వేసిన ఇల్లు. అది దొంగలకు శుభలేఖ. పోలీసులకు చెబితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టే ఏర్పాటు ఉంది, కానీ ఊరెళ్తున్నామని పోలీసులకు చెబితే ఊరందరికీ తెలిసిపోతుందని మామగారి భయం. (మా ఆవిడ అప్పటికే పెళ్లి ప్రయాణం గురించి స్టేటస్ పెట్టి మూడు రోజులైంది. అది వేరే సంగతి.) ఆలోచించి, నగలన్నీ బ్యాంకు లాకరులో పెట్టి గిల్టు నగలతో వెళ్లాలని తీర్మానించాం. దొంగల భయం తీరింది. అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. మా ఆవిడ మేనత్త కూతురు పది అడుగుల దూరం నుంచి గిల్టును పసిగట్టగలదు. దొంగకు దొరికితే గొలుసే పోతుంది, ఆవిడకు దొరికితే పరువు పోతుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు.

కారు రక్షణ బాధ్యత మా బావమరిది తీసుకున్నాడు. బండి నంబరు మీద అతనికి కొత్త బెంగ. పూర్వం 30 అని ఉంటే శ్రీకాకుళం బండి అని దొంగకు దూరం నుంచే తెలిసేది. వెనుకబడిన జిల్లా, వలస వెళ్లి బతికేవాళ్లు, పోనీలే అని వదిలేసేవాడు. 2019లో రాష్ట్రమంతటికీ 39 అన్నారు. ఇప్పుడు మనం శ్రీకాకుళం వాళ్లమో గుంటూరు వాళ్లమో దొంగకు తేడా తెలియదు, గుంటూరు లెక్కనే వసూలు చేస్తాడు. కనుక ఆత్మరక్షణ కోసం కారు ముందరి అరలో అరకిలో కారం పొట్లం పెట్టాడు. గుంటూరు కారమే.

నేను లెక్కలు తీశాను. 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491. దాదాపు ఆరు రెట్లు. వాళ్లలో సీటు బెల్టు పెట్టుకోనివారే 16,715 మంది. కాబట్టి కారం పొట్లం సంగతి తరువాత, ముందు బెల్టు పెట్టుకో అన్నాను. "దొంగలొస్తే దిగి పరుగెత్తడానికి అడ్డం కదా బావగారూ" అన్నాడు. మామగారు అతని తెలివికి మురిసి, వెనక సీటులో తన బెల్టును మడిచి, నడుము నొప్పికి దిండులా పెట్టుకున్నారు.

తెల్లవారుజామున బయలుదేరి, క్షేమంగా వెళ్లి రావాలని దారిలో గుడికి వెళ్లాం. ఏ గుడో చెప్పను, దేవుడి మనసు నొప్పించడం ఎందుకు. దర్శనం చేసుకుని బయటకు వచ్చేసరికి నలుగురి చెప్పులూ లేవు. మా ఆవిడవి పెళ్లి కోసం కొన్న కొత్త జత. చోరీ, సాక్షాత్తూ మా జిల్లాలో, సరిహద్దుకు నూరు కిలోమీటర్ల పైచిలుకు ఇవతల. ఇప్పుడైనా సిద్ధాంతం సవరించుకుంటారేమోనని మామగారి మొహం చూశాను. వెలిగిపోతోంది. "గుడిలో చెప్పులు పోతే శని వదిలినట్టే. శుభశకునం, పదండి" అన్నారు. మనవాడు తీస్తే శని వదలడం, పరాయివాడు తీస్తే దోపిడీ. ఈ సూత్రం ఏ శిక్షాస్మృతిలోనూ లేకపోవడం పెద్ద లోటు.

ఆ వేళకు చెప్పుల దుకాణాలు తెరవరు. ఉత్త కాళ్లతోనే కారెక్కాం.

కంచిలి దగ్గర రోడ్డుకు అడ్డంగా నాలుగు గేదెలు వచ్చాయి. నాలుగు వరుసల రహదారి కదా, వరుసకొకటి చొప్పున. బావమరిది బ్రేకు మీద నిలబడ్డాడు. బెల్టు లేనివాళ్లు ముందుకు తూలారు, అర తెరుచుకుంది, కారం పొట్లం పగిలింది. ఈ ప్రయాణం మొత్తంలో మా మీద జరిగిన సాయుధ దాడి అదొక్కటే. తుమ్ముతూ, దగ్గుతూ, కన్నీళ్లు తుడుచుకుంటూ, తుడుచుకున్నకొద్దీ మరింత మండుతూ, ఎలాగో ఇచ్ఛాపురం చేరి ఒక టీకొట్టు దగ్గర ఆగాం.

అక్కడ బల్ల మీద ఒక కుటుంబం కూర్చుని ఉంది. పక్కనే వాళ్ల కారు, 07 నంబరు, గంజాం బండి. ఉత్త కాళ్లు, చింతనిప్పుల్లాంటి కళ్లు, ఒళ్లంతా ఎర్రటి పొడి, గొంతు పెగలని నలుగురు కారు దిగి తమ వైపే నీళ్ల కోసం వస్తుంటే ఆ ఇంటాయన సంచీని ఒళ్లోకి లాక్కున్నాడు. ఆయన భార్య కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. సగం తాగిన టీ గ్లాసులు బల్ల మీదే వదిలేసి, తలుపు సరిగా పడకముందే కారు పోనిచ్చారు. మామగారు మండే కళ్లతోనే వాళ్ల వైపు చూసి, "చూశావా, ఎలా పారిపోతున్నారో. ఏదో చేసే ఉంటారు" అన్నారు.

సరిహద్దు ఎప్పుడు దాటామో ఎవరమూ చూడలేదు. కళ్లు తెరిస్తే కదా.

పెళ్లి బాగా జరిగింది. బరంపురం పట్టు గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి, ఖర్చు గురించి చెప్పాలంటే రెండు. మండపంలో ప్రతి ఆడమనిషి మెడా ధగధగలాడుతోంది. మేనత్త కూతురు విశాఖపట్నం నుంచి వచ్చింది. మా ఆవిడ హారం చూసి చాలా బాగుంది వదినా అంది. మీ కాసులపేరు ఇంకా బాగుంది అని మా ఆవిడ. ఇద్దరూ అవసరానికి మించి ఒక క్షణం ఎక్కువగా నవ్వుకున్నారు. భోజనాల దగ్గర విషయం బయటపడింది: వాళ్ల అసలు నగలూ లాకరులోనే ఉన్నాయి. విజయనగరం వాళ్లవీ అంతే. సరిహద్దు దాటాలని భయపడి ఒక్కరూ బంగారం తేలేదు. పెళ్లికూతురి మెడ వైపు మాత్రం ఎవరమూ తేరిపార చూడలేదు, మర్యాద కాదు కదా.

చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. చిన్నత్తగారు మా బావమరిది షుగరుకు మంచిదని ఒక మూట కారు వెనక పెట్టించారు. ఇచ్ఛాపురం దగ్గర పోలీసులు ఆపి తనిఖీ చేస్తున్నారు. కొండల్లో పండిన గంజాయి ఈ దారినే కిందికి దిగుతుంది కాబట్టి చేయవలసిన పనే. ఇరవై కిలోలకు మించి దొరికిందంటే పదేళ్లకు తక్కువ కాని జైలు. మూటలో ఏముందో నాకు తెలియదంటే నమ్మే కోర్టును వెతుక్కోవాలి. మూట విప్పారు. లోపల ఎండిన ఆకు, పొడిపొడిగా, నిండుగా. మామగారు కళ్లు మూసుకుని ఏదో స్తోత్రం అందుకున్నారు. ఎస్సైగారు గుప్పెడు తీసి వాసన చూశారు, నోట్లో వేసుకుని నమిలారు. "మునగాకు" అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "పొడి చేసుకుని అన్నంలో కలుపుకోవాలా, మజ్జిగలో వేసుకోవాలా? మా అమ్మకు మూడు వందలకు తగ్గడం లేదు" అని అడిగారు. కొంచెం కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాం. ఆయన వద్దు వద్దంటూనే తీసుకున్నారు.

ఇల్లు చేరాం. తాళం వేసినట్టే ఉంది. మాస్టారు అరుగు మీద ఎదురుచూస్తున్నారు. ఏమీ జరగలేదని చెబితే ఆయన మొహం చిన్నబోయింది.

నిన్న చిన్నత్తగారు ఫోను చేశారు. రథసప్తమికి అరసవల్లి రావాలని ఉందట, కానీ అల్లుడు ఒప్పుకోవడం లేదట. "చీకటి పడకముందే ఇచ్ఛాపురం దాటి వెనక్కి వచ్చేయాలంటాడు. మీ వైపు ఏమీ బాగాలేదటగా అమ్మా? మొన్న మన పెళ్లికి వస్తూ మా పక్కింటివాళ్లు చూశారట. అదే ఇచ్ఛాపురంలో, టీకొట్టు దగ్గర, పట్టపగలు, చెప్పులు కూడా లేని ముఠా, కళ్లు ఎర్రగా, ఏదో పొడి పూసుకుని..."

మా ఆవిడ ఫోనును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. నా వైపు ఒకసారి, వాళ్ల నాన్న వైపు ఒకసారి చూసింది.

"అలాంటివేమీ లేవు పిన్నీ, నిశ్చింతగా రా" అంది. "కొత్త చెప్పులు మాత్రం వేసుకుని రావద్దు."