ప్రొటీన్‌కు పాలీశాకరైడ్ అతికిస్తే ప్లాస్టిక్ అయిపోతుందా?

"ప్యాకెట్ ఫుడ్‌లో నూనె, నీళ్లు విడిపోకుండా ప్రొటీన్‌కు చక్కెర గొలుసులు అతికించిన పదార్థం కలుపుతున్నారు. అది ప్రకృతిలో లేదు, ఒకరకం ప్లాస్టిక్. సబ్బులా పేగును కడిగేస్తుంది. ప్రొటీన్‌లో పోషణ మిగలదు. అన్ని ప్యాకెట్లలోనూ ఉంది." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. పిల్లల తిండి గురించి టెన్షన్ పడేవాళ్లే దీన్ని ఎక్కువగా పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ప్రకృతిలో లేదన్నది తప్పు. తుమ్మ జాతి చెట్ల బంక అయిన గమ్ అరబిక్‌లో ప్రొటీన్ సుమారు 2 శాతమే ఉంటుంది. కానీ నూనె బొట్టును పట్టుకునేది ఆ కొంచెమే. దానితో రసాయన బంధంలో ఉన్న పాలీశాకరైడ్, అంటే పొడవాటి చక్కెర గొలుసు, చుట్టూ నీటిలోకి పరుచుకుంటుంది. సాఫ్ట్ డ్రింకుల్లో సువాసన నూనెలు పైకి తేలకుండా ఆపేది ఇదే. పాలలోని కప్పా కేసిన్‌కు కూడా చిన్న చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి.

ల్యాబ్‌లో ఇలా రెంటినీ అతికించి చేసే పదార్థాన్ని కాంజుగేట్ అంటారు, అదీ ఇదే పద్ధతిని అనుసరిస్తుంది. ప్రొటీన్, పాలీశాకరైడ్ కలిపిన పొడిని తేమ అదుపులో పెట్టి, చాలాసార్లు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొన్ని గంటల నుంచి రోజుల దాకా ఉంచుతారు. ప్రొటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం, పాలీశాకరైడ్ కొసన ఉన్న చక్కెరతో కలుస్తుంది. 1912లో లూయీ కమీల్ మయార్ వివరించిన చర్య ఇది. బ్రెడ్డు కాలినప్పుడు పైపొరకు రంగు వచ్చేదీ దీనివల్లే. అతికించడానికి వేరే రసాయనం అక్కర్లేదు. పొడవాటి గొలుసు అణువైనంత మాత్రాన ప్లాస్టిక్ అనేస్తే స్టార్చ్‌ను కూడా అలాగే అనాలి.

అసలు ఇంత శ్రమ ఎందుకు? పాలవిరుగుడు ప్రొటీన్ ఒక్కటే వాడితే, పులుపును కొలిచే పీహెచ్ 5 దగ్గరికి వచ్చేసరికి దాని మొత్తం విద్యుదావేశం దాదాపు సున్నా అవుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకోవాల్సిన నూనె బొట్లు గుంపు కడతాయి. పాలీశాకరైడ్ అతుక్కుని ఉంటే, ఆవేశం పోయినా ఆ మందపాటి పొర అడ్డం ఉంటుంది. రెంటినీ ఊరికే కలిపితే ఆవేశాల ఆకర్షణతో దగ్గరవుతాయి గానీ, ఉప్పు పెరిగినా పులుపు మారినా విడిపోవచ్చు. రసాయన బంధం అంత తేలిగ్గా ఊడదు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఈ భాగమే.

సబ్బు పోలిక ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 2015లో ఎలుకల మీద జరిగిన ఒక అధ్యయనంలో, నూనె, నీళ్లు విడిపోకుండా ఆహారంలో కలిపే పాలీసార్బేట్ 80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పేగు బ్యాక్టీరియాను మార్చాయి, స్వల్ప వాపు కలిగించాయి. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఆ రెండూ ఈ కాంజుగేట్లు కావు. వాటి ఫలితాన్ని తెచ్చి వీటికి అంటగట్టలేం. అలాగని వీటికి పరీక్షలు అక్కర్లేదని నేను అనను. ప్రతి కొత్త కాంజుగేట్‌నూ విడిగా పరీక్షించాల్సిందే.

పోషణ గురించిన మాటలో కొంత నిజం ఉంది. లైసిన్ మన శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లం. బంధంలో చిక్కుకున్న లైసిన్ ఒంటికి పట్టదు. అయితే పాలీశాకరైడ్ గొలుసుకు చర్య జరిపే కొస సాధారణంగా ఒక్కటే ఉంటుంది. గొలుసు పెద్దది కాబట్టి ఒక ప్రొటీన్‌కు కొన్నే అతుకుతాయి. గ్లూకోజ్ లాంటి చిన్న చక్కెరలతో నష్టం ఇంకా ఎక్కువ. వేడి మితిమీరితే మాత్రం రంగు ముదురుతుంది, చేదెక్కుతుంది, అక్కర్లేని పదార్థాలూ పుడతాయి. అడగాల్సిన ప్రశ్న వేడిని ఎంత దగ్గర ఆపారన్నదే.

అన్ని ప్యాకెట్లలో ఉందనడం అబద్ధం. పొడి వేడికి పట్టే సమయం ఎక్కువ, అంతటా ఒకేలా జరిగేలా చూడటం కష్టం. అందుకే ఈ పని ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది. నూనె, నీళ్లు విడిపోకుండా కలిపేవాటిలో లేబుళ్ల మీద తరచూ కనిపించేవి లెసిథిన్, మోనో, డైగ్లిజరైడ్ల లాంటివి.

ఆ మెసేజ్ చెప్పాల్సింది ఒకటుంది, అదే చెప్పలేదు. పాలు, గుడ్డు, సోయా ప్రొటీన్లతో చేసిన కాంజుగేట్‌లో అలర్జీ కలిగించే గుణం పూర్తిగా పోతుందనే హామీ లేదు. అలాంటి అలర్జీ ఉన్నవాళ్లు లేబుల్ మీద ఆ ప్రొటీన్ ఏ పేరుతో ఉన్నా దాన్ని పక్కన పెట్టేయాలి.