అభయహస్తం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ, పంజరం పైకప్పు తెరిచి ఆకాశమార్గాన దిగివచ్చే హస్తం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, తమరు దిగివచ్చిన ప్రతిసారీ కుశలంగా మిగిలేది ఒక్క పక్షమే కాబట్టి ఆ మాట రాయడానికి కలం సాగడం లేదు.

తమరి ఉద్దేశాన్ని ఎవరూ శంకించడం లేదు. రోజంతా పంజరంలో ఉండే గినీ పిగ్‌ను, అంటే ఎలుకల కోవకు చెందిన ఆ చిన్న పెంపుడు ప్రాణిని, కాసేపు బయట తిప్పాలని, ఒళ్ళో పెట్టుకొని ముద్దు చేయాలని తమరి తాపత్రయం. ఆ దయతోనే అయిదు వేళ్ళూ విప్పి పైనుంచి దిగుతారు, మూలకు పరుగెత్తిన ప్రాణిని వెంబడిస్తారు, నడుం దొరికితే నడుం, కాలు దొరికితే కాలు పట్టుకొని గాలిలోకి లేపుతారు. తమరి లెక్కలో అది అభయహస్తం. అయితే ఆండీస్ పర్వత ప్రాంతంలో మనుషులు మచ్చిక చేసి వేల ఏళ్ళు గడిచినా ఆ జాతి తన పాత పాఠం మరిచిపోలేదు. పైనుంచి దిగేది ఏదైనా దానికి ముందు డేగే, తక్కిన పరిచయాలన్నీ ఆ తర్వాతే. తలకు రెండు పక్కలా ఉన్న కళ్ళతో అది చుట్టూ చాలా మేర చూడగలదు గానీ దూరాన్ని సరిగా అంచనా కట్టలేదు. అంటే తమరు వస్తున్న సంగతి దానికి తెలుస్తుంది, ఎక్కడ ఆగుతారో మాత్రం తెలియదు.

ఇక తమరు అన్నింటికన్నా గర్వంగా చెప్పుకొనే విషయానికి వస్తాను. 'చూశారా, ఒళ్ళో ఎంత బుద్ధిగా కూర్చుందో' అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు అంటే, తమరు దాన్ని పూర్తి అంగీకారంగా దిద్దుకున్నారు. భయపడిన గినీ పిగ్ తప్పించుకొనే దారి ఉంటే పరుగు తీస్తుంది, లేకపోతే ఉన్నచోటే బిగుసుకుపోతుంది, ఎందుకంటే కదిలేదాన్నే వేటాడే కన్ను ముందుగా పట్టుకుంటుంది. ఈసారి కాస్త దగ్గరగా చూడండి. కళ్ళు పెద్దవై అంచున తెల్లగుడ్డు బయటపడుతుంది, వీపు గట్టిపడుతుంది, మూతి ముందు పెట్టిన క్యాప్సికం ముక్కను వాసనైనా చూడదు. కూరగాయల సంచి గలగలమంటే చాలు, ఇల్లంతా వినపడేలా కీచుమనే జాతి అది. అలాంటిది నోటి ముందున్న తిండిని ముట్టకపోతే తమరు దానికి బుద్ధిమంతురాలనే బిరుదు ఇచ్చారు. నిజంగా సంతోషంగా ఉన్న గినీ పిగ్‌కు అంత బుద్ధి ఉండదు. ఉన్నపళంగా గాలిలోకి ఎగిరి, ఒళ్ళు మెలితిప్పి, మళ్ళీ ఎగురుతుంది. పెంచేవాళ్ళు దాన్ని పాప్‌కార్నింగ్ అంటారు. తమరి ఒళ్ళో అది ఎన్నడైనా జరిగిందా?

తమరు దాన్ని దించే చోటు గురించి కూడా ఒక మాట. తళతళలాడే నున్నటి నేల, అదీ గది నట్టనడుమ. రోమం లేని దాని అరికాళ్ళు ఆ నేల మీద జారిపోతాయి. పైగా గోడ వారన నడిచే జీవి ఎప్పుడూ ఖాళీ జాగా మధ్యలో నిలబడాలని కోరుకోదు. సహజంగానే సోఫా కిందికి దూరుతుంది, తమరు కూడా సోఫా కిందికి దూరుతారు, దానితో అక్కడున్న ఒక్క ఆశ్రయం కూడా నమ్మదగనిదైపోతుంది.

కాబట్టి తమరి సేవలను కొన్నాళ్ళు నేల మట్టానికి పరిమితం చేయవలసిందిగా ప్రార్థన. నేల మీద దుప్పటి పరిచి, గోడ వెంబడి అట్టపెట్టెలు పెట్టండి. ప్రతి పెట్టెకూ రెండు ద్వారాలు ఉండాలి. ఒకే ద్వారం ఉన్న ఇల్లు దానికి ఉచ్చుతో సమానం, రెండు గినీ పిగ్‌లు ఉన్నప్పుడు ఒకటి గుమ్మంలో కూర్చుంటే రెండోది లోపలే చిక్కుకుంటుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఒక గొట్టమో, వేలాడే గుడ్డో ఉంటే బయటి జాగా దాటవలసిన అవసరం తగ్గుతుంది. వాటి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక కొరకడం వాటికి వృత్తి, అందుకని కరెంటు తీగలను అందనంత ఎత్తుకు చేర్చండి. కుక్కనూ పిల్లినీ వేరే గదిలో ఉంచండి. ఇదంతా అయ్యాక పంజరం పక్క తలుపు తెరిచి తమరు తప్పుకోండి. అది ముక్కు బయట పెడుతుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. మొదటిరోజు గడప దాటకపోవచ్చు, దాన్ని తమరికి జరిగిన అవమానంగా భావించవద్దు. తోడు ఉంటే ధైర్యం త్వరగా వస్తుంది, ఎందుకంటే అది గుంపులో బతికే ప్రాణి. స్విట్జర్లాండ్ 2008లోనే అలాంటి జీవులను ఒంటరిగా ఉంచకూడదని నిబంధన పెట్టింది. చట్టం చేతుల దాకా రాకముందే తమరు సర్దుకుంటే గౌరవంగా ఉంటుంది.

గోళ్ళు తీయడానికో, బరువు చూడడానికో, వైద్యుడి దగ్గరికో తీసుకువెళ్ళక తప్పదు, నిజమే. అప్పుడు కూడా గొట్టంలోకో పెట్టెలోకో దాన్ని తనంతట తాను నడవనిచ్చి, ఆ గొట్టంతోనో పెట్టెతోనో సహా ఎత్తవచ్చు. ఎత్తి తీరాలంటే ఒక అరచేయి ఛాతీ కింద, రెండోది వెనక భాగం కింద ఉంచి, గుండెకు ఆనించుకోవాలి. ఎముక లేని చేయి అని లోకం తమరిని పొగుడుతూ ఉండవచ్చు, దానికి మాత్రం ఎముకలున్నాయి, ఒడిలోంచి దూకినా విరిగేంత సున్నితమైనవి.

ఇంతలో ఖాళీగా ఉండలేకపోతే పంజరంలో తడిసిన ఎండుగడ్డి మార్చే పని ఎదురుచూస్తోంది. ముద్దు చేసేటప్పుడు అంత చురుగ్గా దిగివచ్చే తమరు ఆ పూట ఎక్కడ ఉంటారో ఇంట్లో ఎవరికీ అంతుపట్టడం లేదు.

ఇట్లు,
తమరి చేతికి చిక్కినవారి తరఫున