పీకి చూసే హక్కు

ద్రాక్ష పుల్ల నాటిన ప్రతి మనిషికీ మూడో రోజున దాన్ని పీకి వేరొచ్చిందో లేదో చూసుకునే హక్కు ఉండాలి. తోటపని తెలిసినవాళ్లంతా ఒక్కటై ఈ హక్కును కాలరాస్తున్నారు.

వాళ్ల పద్ధతి చూడండి. ఆకులు రాలి తీగ నిద్రలో ఉన్నప్పుడు, పెన్సిల్ లావున్న ఏడాది కొమ్మను మూడు నాలుగు కణుపులు ఉండేలా కోయాలి. కింది కోత కణుపును ఆనుకుని అడ్డంగా, పై కోత మొగ్గకు కాస్త ఎగువన ఏటవాలుగా. ఏ కొస పైదో మర్చిపోకుండా ఉండటానికట! తలకిందులుగా నాటితే పుల్ల పనిచేయదు. పుల్లకే ఇంత పట్టింపైతే ఎలా?

సరే, నాటాం. కొన్నాళ్లకు మొగ్గ మీది నూగు చీల్చుకుని గోరంత ఆకు బయటికొస్తుంది. ఇంట్లోవాళ్లను పిలిచి చూపిస్తాం, ఫొటోలు తీస్తాం, పందిరికి కొలతలు కూడా వేసేస్తాం. మోసమంతా అక్కడే ఉంది. పుల్ల తనలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి కట్టిన వేషం అది. కింద చాలాసార్లు ఒక్క వేరూ ఉండదు. నాలుగు రోజులకు ఆకు వేలాడుతుంది. దాహమేమోనని మనం ఇంకో చెంబు పోస్తాం. కింది కొస కుళ్లుతుంది.

అందుకే పీకి చూడాలంటున్నాను. అదృష్టం బాగుంటే కోత చుట్టూ తెల్లగా, గరుకుగా ఒక కండ కట్టి ఉంటుంది. దాని పక్కనే నూలుపోగంత వేరు. చూస్తుండగానే చిటుక్కున తెగుతుంది. తెగితేనేం, వచ్చిందని రుజువైంది కదా! ఒకే పుల్ల మీద నేను పదకొండుసార్లు ఈ పరిశోధన చేశాను. చివరిసారికి తెగడానికి ఏమీ మిగల్లేదు.

దీనికి వాళ్లు చరిత్ర తీస్తారు. ఇంగ్లండ్‌లో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో 1768లో నాటిన కొమ్మ ముక్క మహావృక్షంలా పాకి ఇప్పటికీ కాస్తోందట. కాయనివ్వండి. నాటినాయన మధ్యలో పీకి చూడలేదని ఎవరైనా ప్రమాణం చేస్తారా?

ఇంకొందరు పుల్లకు సొంత వేళ్లే దండగంటారు. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లకు పట్టి ఫ్రాన్స్ తోటలను తుడిచిపెట్టాక, అమెరికా జాతుల వేళ్ల మీద అంటుకట్టడం మొదలైందని భయపెడతారు. నాకా టెన్షన్ లేదు. పురుగు పట్టాలన్నా ముందు వేరుండాలి కదా.

ఉందో లేదో రేపు పొద్దున మళ్లీ చూస్తాను.