తాగనివాళ్లు కట్టే మందు పన్ను

మద్యం మీద వచ్చే ఆదాయాన్ని లెక్కగట్టడంలో మన ప్రభుత్వాలను ఎవరూ వేలెత్తి చూపలేరు. 2023లో తెలంగాణలోని 2,620 వైన్ షాపుల కోసం 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి అప్పటి ఫీజు 2 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగివ్వరు. ఒక్క క్వార్టర్ అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లు దాటాయి. ఇంత పకడ్బందీ లెక్కలో ఒక్క పద్దు మాత్రం జారిపోయింది: చుక్క ముట్టని ఆడవాళ్లు రోజూ కడుతున్న మందు పన్ను.

వసూలు పద్ధతి చాలా సులువు. బస్టాపు నుంచి హాస్టల్‌కి నడిస్తే ఐదు నిమిషాలు. మధ్యలో వైన్స్. దానికి పర్మిట్ రూమ్ కూడా ఉంది కానీ మన మందుబాబులు ప్రకృతి ప్రేమికులు, నాలుగు గోడల మధ్య ఇమడలేరు. రోడ్డు మీదే ప్లాస్టిక్ గ్లాసులు, బైకు సీటు మీద పల్లీల పొట్లం, అటుగా వెళ్లే ప్రతి అమ్మాయి మీదా ఒక సమీక్ష. దాంతో ఆ అమ్మాయి ఆటో ఎక్కుతుంది. ఆ ఆటో చార్జీ పన్నులో మొదటి వాయిదా. సాయంత్రం కోచింగ్ మానేయడం రెండోది. రాత్రి షిఫ్టు ఉందని మంచి ఉద్యోగం వదులుకోవడం కాస్త పెద్ద వాయిదా. అవతల ఎవరూ లేకపోయినా ఫోన్ చెవికి ఆనించి "ఆ నాన్నా, వచ్చేశా" అంటూ నడవడం సర్వీస్ చార్జీ.

చట్టం చేతులు ముడుచుకు కూర్చుందనకండి. బండి నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించితే కేసే. అదే మనిషి బండి దిగి ఆడవాళ్ల పక్కన తూలుతూ నిలబడితే? దానికీ సెక్షన్ ఉంది. తాగి నలుగురిలో ఇబ్బంది పెడితే పాత శిక్షాస్మృతి 510 ప్రకారం మహా అయితే ఒక రోజు జైలు, 10 రూపాయల జరిమానా. 1860 నాటి ఆ పది రూపాయలు 2024 జూన్ ఆఖరు దాకా చెక్కుచెదరలేదు. పల్లీల పొట్లం ధర ఎప్పుడో దాటిపోయింది, పాపం. కొత్త న్యాయ సంహితలో గరిష్ఠంగా వెయ్యి చేశారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి ఈ పన్ను కట్టేది లేదన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఖజానాకు కష్టమొచ్చిందట.

కాబట్టి నా మనవి: ఈ పన్నును అధికారికం చేసి, కట్టినవాళ్లకు వాపసు ఇవ్వండి. ఆటో చార్జీల లెక్క రాసి మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటారు. తప్పించుకు తిరిగిన వైన్స్ పేరు, చుట్టుదారి ఎన్ని కిలోమీటర్లు, కామెంట్ చేసినవాడితో బంధుత్వం, అన్నీ నింపాలి. "ఆ టైమ్‌లో అటు ఎందుకు వెళ్లారు?" అనే గడి తప్పనిసరి. మందుబాబులకు ఆ గడి అక్కర్లేదు. వాళ్ల టైమ్ సర్కారే ఖరారు చేసింది: హైదరాబాద్‌లో ఉదయం 10 నుంచి రాత్రి 11 దాకా.