అపాచీ కేమెల్ గారికి పలాస గుమస్తా వ్రాయునది

మహారాజశ్రీ అపాచీ కేమెల్ సాఫ్ట్‌వేర్ గారి దివ్యసముఖానికి, పలాసలో ఒక జీడిపప్పు వర్తకుడి దగ్గర లెక్కలు రాసే గుమస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. సర్వర్‌కి మాత్రం పొద్దున్నుంచి కాస్త నలతగా ఉంది.

తమరెవరో మా షావుకారు గారికి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ‘ఆ ఒంటె’ అంటారు. విశాఖ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు తమరి గురించి చాలానే చెప్పాడు. 2007లో బయటికొచ్చారట. ఒంట్లో అంతా జావా అనే కంప్యూటర్ భాషేనట. ఒకదాని మాట ఒకటి వినని సాఫ్ట్‌వేర్ల నడుమ కూర్చుని ఇటు సమాచారం అటు చేరవేస్తారట. గ్రెగర్ హోప్, బాబీ వూల్ఫ్ సాఫ్ట్‌వేర్లని కలపడానికి 2003లో పుస్తకంగా వేసిన 65 పద్ధతులే తమరికి శాస్త్రమట. షావుకారు గారు ఆవలిస్తూ విన్నారు. ‘ఓపెన్ సోర్స్, లైసెన్సుకి పైసా కట్టక్కర్లేదు’ అన్న ముక్క దగ్గర మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, “మరింకా సూస్తావేటి బాబూ, పెట్టీ” అన్నారు. రెండు వైపులా దలాలీ ముట్టందే నోరు విప్పని బ్రోకర్ల మధ్య బతికిన మనిషి. దలాలీ అడగని మధ్యవర్తి దొరికితే వదులుతారా?

తమరి దాయాది, ఇదే పని చేసే మ్యూల్ (కంచరగాడిద) అనే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్‌గానే మొదలైంది. గాడిద చాకిరీ తప్పించడానికే ఆ పేరు పెట్టారంటారు. దాని కంపెనీని 2018లో సేల్స్‌ఫోర్స్ అనే అమెరికా కంపెనీ దాదాపు 650 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. తమరేమో ఇంకా ఉచితంగానే మోస్తున్నారు. ఉచితమన్నాను గానీ కుర్రాడి ఫీజు, సర్వర్ అద్దె ఏ ఖాతాలో రాయాలో నాకింకా ఎవరూ చెప్పలేదు. అపాచీ లైసెన్సులో ‘ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు’ అని ఉందని కుర్రాడు చదివి వినిపించాడు కూడా. అప్పటికి షావుకారు గారు ఫోన్లో ఉన్నారు.

ఇక అసలు ఫిర్యాదు. మా దగ్గర మూడు రాజ్యాలు. కాటా దగ్గర ఎక్సెల్, బిల్లింగ్ గదిలో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, ఆ పైన సర్కారువారి ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్. మా ట్యాలీకి ఎక్స్‌ఎంఎల్ అనే ఫార్మాట్‌లో చెప్పాలి, పోర్టల్‌కి జేసన్ అనే ఫార్మాట్ తప్ప గొంతు దిగదు. తమరు ఎవరికి కావలసిన తీరులో వాళ్లకి అందిస్తున్నారు. బాగుంది. ఉద్దానం నుంచి జీడిపిక్కల లోడు దిగినప్పుడు కాటా కుర్రాడు ‘100’ అని కొట్టాడు. వందంటే వంద బస్తాలు, బస్తా అంటే 80 కిలోలు. పలాసలో చంటిపిల్లకైనా తెలుసు. ట్యాలీలో మాత్రం స్టాకు కిలోల్లో ఉంటుంది. తమరు ఆ వందని, ఒక్క అంకె చెదరకుండా, భద్రంగా మోసుకెళ్లి కిలోల గడిలో దించారు. ఎనిమిది టన్నుల పిక్కలు దారిలో కరిగి క్వింటాలు మిగిలింది.

గోడౌన్‌లో బస్తాలు కప్పు దాకా కళ్ల ముందే ఉన్నాయి. అయినా షావుకారు గారు స్క్రీన్‌నే నమ్మారు. “పిక్కలేటయిపోనాయి?” అని వాచ్‌మన్‌ని నిలదీశారు. అతగాడు కొత్తమ్మతల్లి మీద ఒట్టేశాడు. ఆ బస్తాలకే ఆనుకుని నిలబడి.

కుర్రాడు మొదటి రోజే అడిగాడు, ఏ కొలత ఎక్కడ వాడతారో ఒక కాగితం మీద రాసివ్వమని. “అదేటి రాయడం, అందరికీ తెలిసిందే గదా” అన్నారు షావుకారు గారు. తమరు రాకముందు ఆ మూడు రాజ్యాల మధ్యా పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగింది నేనే. 80తో గుణింపు నా బుర్రలోనే జరిగిపోయేది. పప్పు గ్రేడుని ఒకడు ‘డబ్ల్యూ320’ అన్నా, ఇంకొకడు ఒట్టి ‘320’ అన్నా ఒకే పప్పని నాకు తెలుసు. ఆ తెలివికి డాక్యుమెంటేషన్ లేదు, జీతంలో చోటూ లేదు. దాన్ని తమరికి ఎవరూ అప్పగించనేలేదు. తిట్లు మాత్రం తమరికే.

మొన్నటి లారీ సంగతీ అంతే. పార్టీ పిన్‌కోడ్ గడి ఖాళీ. పోర్టల్ తిప్పికొట్టింది. తమరు మళ్లీ పంపారు, మళ్లీ తిప్పికొట్టింది. చెప్పినన్నిసార్లు పంపి చూసి, డెడ్ లెటర్ క్యూలో, అంటే చేరని సందేశాల వరసలో, పడేశారు. పద్ధతి ప్రకారమే. ఆ క్యూ ఎవరు చూడాలో మాత్రం ఎవరూ తేల్చలేదు. 50,000 రూపాయలు దాటిన సరుకు ఈ-వే బిల్లు అనే రవాణా చీటీ లేకుండా కదలకూడదు కనక టిన్నులెక్కిన లారీ గేటు దగ్గరే ఆగిపోయింది. బిల్లింగ్ గదిలో అడిగితే ‘మా వైపు అంతా ఓకే, మధ్యలో చూడండి’ అన్నారు. కాటా దగ్గరా అదే మాట. డ్రైవరు క్యాబిన్లో తువ్వాలు పరుచుకుని నిద్రపోయాడు. ఆ మధ్యాహ్నం టెన్షన్ లేనివాడు అతనొక్కడే.

తమరికి ఇంకో పని తయారవుతోంది. మా బరంపురం పార్టీ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో, ఒడియాలో, వాయిస్ మెసేజ్‌లుగా పెడతాడు. నడుమ దగ్గులుంటాయి, వెనకాల బస్సు హారన్లుంటాయి. తమరి దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే కాంపోనెంట్లు 300 పైచిలుకు ఉన్నాయని, వాట్సాప్‌కీ ఒకటుందని కుర్రాడు నోరు జారాడు. షావుకారు గారు మళ్లీ కుర్చీలో ముందుకు జరిగారు. వచ్చే నెల నుంచి ఆ మెసేజ్ అట్నించి అటే బిల్లయిపోవాలట.

ఆ పార్టీ కూడా ‘వంద పంపండి’ అనే అంటాడు. వంద కిలోలో, వంద టిన్నులో చెప్పడు.

ఇట్లు,
తమరి విధేయుడు,
గుమస్తా, పలాస