జేబులో ఫోను, మరొకరి చేతిలో తాళం

సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోనులో ఏ యాప్ పెట్టుకోవచ్చో, దాన్ని ఎవరు తయారుచేస్తే పెట్టుకోవచ్చో ఇకపై గూగుల్ నిర్ణయిస్తుంది. 2025 ఆగస్టులో ఆ కంపెనీ ప్రకటించిన నిబంధన సారాంశం ఇదే. ప్లే స్టోర్‌లో ఉంచినా ఉంచకపోయినా, యాప్ తయారుచేసేవారు తమ గుర్తింపును గూగుల్ ముందు రుజువు చేసుకుని నమోదు కావాలి. కాకపోతే గూగుల్ ధ్రువీకరణ పొందిన (ప్లే స్టోర్‌తో వచ్చే) ఆండ్రాయిడ్ ఫోన్లలో వారి యాప్ ఇన్‌స్టాల్ కాదు. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా ప్రపంచానికి విస్తరించాలన్నది ప్రణాళిక. వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో నూటికి 90కి పైగా ఆండ్రాయిడ్‌వే అయిన మన దేశం ఆ 'మిగతా'లోనే ఉంది. దీన్ని సాంకేతిక వార్తల పేజీకి వదిలేసి ఊరుకోవడానికి వీల్లేదు.

కంపెనీ చెప్పే కారణం భద్రత. ప్లే స్టోర్‌తో పోలిస్తే ఇంటర్నెట్ నుంచి నేరుగా దింపుకునే యాప్‌లలో హానికరమైనవి 50 రెట్లకు పైగా ఉన్నాయని తమ విశ్లేషణలో తేలినట్టు గూగుల్ అంటోంది. ట్రాఫిక్ చలానా పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (యాప్‌ను ఫోనులోకి ఎక్కించే ఫైలు) నొక్కి బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకున్నవారు తెలుగు రాష్ట్రాల్లోనూ తక్కువేమీ కాదు గనుక ఆ వాదనను కొట్టిపారేయలేం. అభ్యంతరాలు వచ్చాక, నష్టభయం తెలిసి పెట్టుకునేవారికి వేరే దారి ఉంచుతామని గూగుల్ కొంత మెత్తబడింది కూడా. అయితే దొంగను పట్టుకోవడం వేరు, ప్రోగ్రాము రాసే ప్రతివారినీ ఒక ప్రైవేటు కంపెనీ రిజిస్టరులోకి ఎక్కించడం వేరు. ఆ వేరే దారి సైతం కంపెనీ దయతలచి ఇచ్చినదే. దయతో ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకోవడానికి ఒక్క అప్‌డేట్ చాలు.

ముందుగా దెబ్బ తగిలేది ఎవరికో చూడండి. 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ భాండారం ఉంది. అందులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా చదివి, మార్చుకుని, పంచుకోగలిగిన ప్రోగ్రాములు, మాత్రమే ఉంటుంది. యాప్ సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్ రాసిన మూల పాఠం) తెచ్చి, పరిశీలించి, తామే యాప్‌గా తయారుచేసి ఇస్తారు. దింపుకోవడానికి ఖాతా తెరవనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు. లోపల ఏముందో ఎవరైనా చదివి చూసుకోగలిగిన యాప్‌లివి. ఈ నిబంధన అమలైతే తమ ప్రాజెక్టు ముగిసిపోతుందని 2025 సెప్టెంబర్‌లోనే వారు బహిరంగంగా చెప్పారు. మోసగాళ్ల కోసమని బిగిస్తున్న తాళం మొదట పడుతున్నది దాపరికం లేనివారి తలుపుకే.

ఆండ్రాయిడ్ అందరిదీ అని పదిహేనేళ్లకు పైగా నమ్మించారు. కెర్నల్ (లోపలి మూల భాగం) స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లినక్స్‌ది, సోర్స్ బహిరంగం, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు అన్నారు. ప్రభుత్వాలు, ఫోను కంపెనీలు, ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు ఆ మాట మీదే పనులు మొదలుపెట్టారు. 2025 మార్చిలో గూగుల్ ఆండ్రాయిడ్ అభివృద్ధిని పూర్తిగా తన నాలుగు గోడల మధ్యకు మార్చుకుంటున్నట్టు, కోడ్‌ను విడుదల సమయంలోనే బయట పెడతామన్నట్టు చెప్పింది. జూన్‌లో ఆండ్రాయిడ్ 16 సోర్స్ విడుదల చేసినప్పుడు, అంతకుముందు దానితో పాటు ఇస్తూ వచ్చిన, గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్ల హార్డ్‌వేర్ ఫైళ్లు అందులో లేవు. ఆగస్టులో నమోదు నిబంధన. అయిదారు నెలల్లో మూడు అడుగులు, మూడూ ఒకే దిక్కుకు. సగం స్వేచ్ఛ మీద కట్టుకున్నది ఎంత భద్రమో ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పాలి?

అందుకే పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడిచే మొబైల్ ఆపరేటింగ్ సిస్టం కావాలన్న మాట ఇక ఆదర్శవాదుల కోరిక మాత్రమే కాదు. ఇందులో 'పూర్తిగా' అన్న ముక్కే కీలకం. ఫోనులో పైకి కనిపించే ఆపరేటింగ్ సిస్టం ఒక్కటే ఉండదు. మోడెం (ఫోనును మొబైల్ నెట్‌వర్కుకు కలిపే భాగం), వైఫై, బ్లూటూత్, కెమెరా, గ్రాఫిక్స్ ఇలా ఒక్కో భాగాన్ని నడిపించడానికి చిప్ కంపెనీలు తయారుచేసిన మూసిన ఫైళ్లు ఉంటాయి. వాటి సోర్స్ ఎవరికీ ఇవ్వరు. లినేజ్‌ఓఎస్ వంటి మంచి ప్రత్యామ్నాయాలు కూడా ఈ మూసిన ఫైళ్లను మోస్తూనే నడుస్తున్నాయి. వాటిని మోయనని భీష్మించిన రెప్లికెంట్ అనే ఆండ్రాయిడ్ ఆధారిత ప్రాజెక్టు 2010 నుంచి ఉంది. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్3లో రెప్లికెంట్ వేసుకున్నవారికి ఫోనులోని వైఫై పనిచేయదు. దానికి కావలసిన ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాము) స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కనుక, యూఎస్‌బీ రంధ్రానికి వేరే వైఫై పరికరం తగిలించుకోవాలి. నవ్వు తెప్పించే ఈ స్థితికి బాధ్యులు ఆ ప్రాజెక్టువారు కారు.

ఆ పట్టుదల వల్ల ఏం ప్రయోజనమని అడిగేవారికి 2014 నాటి సంగతి గుర్తుచేయాలి. గెలాక్సీ ఫోన్లలో మోడెంతో మాట్లాడే మూసిన ప్రోగ్రాముకు బదులు స్వేచ్ఛా ప్రోగ్రాము రాస్తున్న రెప్లికెంట్ బృందానికి ఒక విషయం కనబడింది: మోడెం అడిగితే ఫోను నిల్వలోని ఫైళ్లను చదవడానికి, రాయడానికి, చెరపడానికి ఆ ప్రోగ్రాములో ఏర్పాటు ఉంది. దాన్ని దొడ్డిదారి అనవచ్చా లేదా అని నిపుణులు వాదించుకున్నారు. వాదించుకోనివ్వండి. దాన్ని తిరగరాయడానికి పూనుకున్నవారు లేకపోతే వాదించుకోవడానికి సంగతే బయటపడేది కాదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన 40వ ఏట, 2025 అక్టోబర్‌లో, లిబ్రెఫోన్ అనే పని మొదలుపెట్టింది. మరో కొత్త ఆపరేటింగ్ సిస్టం కాకుండా, ఇప్పుడున్నవాటికి అడ్డుపడుతున్న ఈ మూసిన ఫైళ్ల పని పట్టడమే దాని ఉద్దేశం: ఏ ఫోనులో ఏవి ఉన్నాయో లెక్కతీసి, అవి ఎలా పనిచేస్తాయో విప్పి తెలుసుకుని, వాటి స్థానంలో స్వేచ్ఛా ప్రోగ్రాములు రాయడం. రాబ్ సవోయ్ ఆ పనికి ప్రధాన డెవలపర్. ఫౌండేషన్ బోర్డు సభ్యుడు జాన్ గిల్మోర్ తొలి నిధులు ఇచ్చారు. ప్రపంచంలో ఇన్ని కోట్ల మంది చేతుల్లో ఉన్న పరికరాన్ని విడిపించే పని ఒక దాత సొమ్ము మీద, కొందరి ఓపిక మీద ఆధారపడి ఉండటం ప్రభుత్వాలకు సిగ్గుచేటు.

ఇంతకుముందు ప్రయత్నాలు నిలవలేదన్నది నిజమే. ఓపెన్‌మోకో అనే స్వేచ్ఛా ఫోను ప్రాజెక్టు నిలదొక్కుకోకుండానే ఆరిపోయింది. 2014లో మన మార్కెట్లో రూ. 1,999కే దొరికిన ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్‌ఎక్స్‌కు ప్రాణమైన ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌ను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సంస్థ మొజిల్లా మరుసటి ఏడాదే స్మార్ట్‌ఫోన్ల నుంచి ఉపసంహరించుకుంది. ఉబుంటు ఫోనును దాన్ని తెచ్చిన కెనానికల్ కంపెనీ 2017లో వదిలేస్తే స్వచ్ఛంద కార్యకర్తలు ఎత్తుకున్నారు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ నుంచి పుట్టిన కైఓఎస్ జియోఫోన్ ద్వారా కోట్ల చేతుల్లోకి వెళ్లింది గానీ, అందులో ఏ యాప్ ఉండాలో తేల్చే హక్కు మాత్రం ఆ చేతులకు దక్కలేదు. కంప్యూటర్ల విషయంలో ఇలా జరగలేదు. హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టంను తేగలిగింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే చదువుతున్నారు. కంప్యూటరులో ఉన్నదాన్ని తుడిచేసి మనకు కావలసింది వేసుకునే వీలు ఉంది కనుకే అది సాధ్యమైంది.

అసలు భయం గూగుల్ గురించి మాత్రమే కాదు. తాళమంటూ ఒకటి బిగిస్తే దాని చెవి ఎప్పటికీ బిగించినవారి దగ్గరే ఉండదు. 2025 నవంబర్ 28న మన టెలికాం శాఖ ఏం చేసిందో మరచిపోయేంత కాలం కాలేదు. 90 రోజుల్లోగా ప్రతి కొత్త ఫోనులో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే ఉండాలని, దాని పనిని ఆపే వీలు ఉండరాదని తయారీదారులను ఆదేశించింది. గగ్గోలు పుట్టాక డిసెంబర్ 3న ఆ తప్పనిసరి నిబంధనను వెనక్కు తీసుకుంది. అప్పుడు ఫోన్లలోకి ఒకదాన్ని ఎక్కించమన్నారు; డెవలపర్లందరి పేర్లూ ఒకే కంపెనీ దగ్గర నమోదై ఉన్న రోజున, ఫలానావారి యాప్ ఏ ఫోనులోనూ పనిచేయకుండా చేయమని అడగడానికి ఒక్క ఉత్తరం సరిపోతుంది. నిరసనకారుల యాప్ కావచ్చు, ప్రభుత్వానికి గిట్టని వార్తా సంస్థది కావచ్చు. గూగుల్ కాదంటుందని నమ్మేవారు నమ్మవచ్చు, మేము నమ్మం. ఈ ఆనవాయితీ ఒకసారి కుదిరితే బ్రెజిల్‌లో ఒక ప్రభుత్వం, థాయ్‌లాండ్‌లో మరొకటి, ఇక్కడ ఇంకొకటి దాన్ని వాడుకుంటాయి.

చట్టం కాపాడుతుందా? 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసి, ప్లే స్టోర్ బయటి నుంచి యాప్‌లు పెట్టుకోవడాన్ని అడ్డుకోరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, సరిగ్గా ఆ ఆదేశాన్నీ మరో మూడింటినీ కొట్టేసింది. డబ్బు కట్టి తాళం ఉంచుకోవచ్చని తేలినట్టయింది.

ఇక స్వదేశీ మంత్రం సంగతి. 2023 జనవరిలో మద్రాసు ఐఐటీలో పుట్టిన భార్‌ఓఎస్ అనే మొబైల్ ఆపరేటింగ్ సిస్టంను కేంద్ర మంత్రులు కెమెరాల ముందు పరీక్షించి స్వావలంబన అన్నారు. అది నిలబడినది ఆండ్రాయిడ్ బహిరంగ ప్రాజెక్టు మీదే. కింద చిప్‌ల మూసిన ఫైళ్ల బెడద దానికీ తప్పదు. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం వేసుకున్న పౌరుడి ఫోనులో గూగుల్ ధ్రువీకరణ లేదన్న ఒక్క కారణంతో బ్యాంకు యాప్‌లు, చెల్లింపు యాప్‌లు తెరుచుకోకపోవడం ఈ దేశంలో మామూలైపోయింది. ఒక అమెరికా కంపెనీ ముద్ర లేనిదే భారతీయుడు తన ఖాతాలోని డబ్బును ఫోనులో చూసుకోలేకపోతుంటే, వేదికల మీద స్వావలంబన గురించి ఉపన్యాసాలు ఎవరికోసం?

ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇస్తామన్న విధానం కేంద్రానికి 2015 నుంచే ఉంది. సెమీకండక్టర్లకు రూ. 76,000 కోట్ల పథకం ఉంది, ఫోన్ల తయారీకి ఉత్పత్తితో ముడిపెట్టిన ప్రోత్సాహకాలు ఇచ్చారు, అదే మద్రాసు ఐఐటీలో శక్తి పేరుతో బహిరంగ ప్రాసెసర్ తయారీ ఉంది. ప్రజాధనం తీసుకునే ప్రతి ఫోను కంపెనీ తన హార్డ్‌వేర్ వివరాలను, డ్రైవర్ల సోర్స్‌ను బయట పెట్టాలన్న షరతు మాత్రం లేదు. గూగుల్ ధ్రువీకరణ లేదన్న సాకుతో ఖాతాదారును గెంటేయరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పవచ్చు. లిబ్రెఫోన్ లాంటి పనికి ఐటీ శాఖ నిధులూ మనుషులనూ ఇవ్వవచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. తన యాప్‌ను ప్రతి ఫోనులోకి ఎక్కించడానికి 90 రోజుల గడువు విధించడం తెలిసిన ప్రభుత్వానికి, ఆ ఫోను లోపల ఏముందో కొన్నవాడికి చూపించమని ఒక్క కంపెనీని అడగడానికి పదేళ్లు చాలలేదా?