సవరణ: సంతకం పెట్టినంత మాత్రాన కాంట్రాక్టర్ అయిపోరు

అమెరికాలో గోల్ఫ్ కోర్సు చెరువుల్లో మునిగి బంతులు తీసే డైవర్ల గురించి మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పు దొర్లింది. కాంట్రాక్టర్‌గా సంతకం పెట్టి 1099 ఫారం (ఉద్యోగులు కానివాళ్లకు ఎంత చెల్లించారో చూపే పన్ను పత్రం) తీసుకుంటే ఇక ఉద్యోగి కానట్టే అన్నాను. అది సరికాదు, క్షమించండి.

కాగితంలో ఏముందని కాదు, పని ఎలా నడుస్తోందన్నది ముఖ్యం. ఏ చెరువులో ఎప్పుడు దిగాలో ఎవరు చెబుతున్నారు? గాలి సిలిండర్, మునగడానికి కట్టుకునే బరువుల బెల్టు ఎవరివి? నష్టమొస్తే ఎవరికి? పన్నుల శాఖ ఐఆర్ఎస్ చూసేది ఇలాంటివే. బంతికింత అని లెక్కగట్టి ఇచ్చినా సరే, ఉద్యోగి అయ్యే అవకాశముంది. అనుమానముంటే ఎస్ఎస్-8 ఫారం నింపి ఐఆర్ఎస్‌నే తేల్చమని అడగొచ్చు. ఫీజేమీ లేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ నీళ్లడుగున మన చెయ్యి మనకే కనపడదు. బురదలో వేళ్లతో తడుముతూ, గుండ్రంగా తగిలిందల్లా వల సంచిలో వేసుకోవడమే. ఏ తీగో కాలికి చుట్టుకుంటే? కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన డైవింగ్ నిబంధనలు ఉద్యోగులకే. సొంతంగా చేసుకునేవాళ్లకు వర్తించవు. పన్ను సంగతీ ఉంది: కాంట్రాక్టర్ అయితే సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు కలిపి 15.3 శాతం మొత్తం తనే కట్టుకోవాలి. ఉద్యోగికైతే అందులో సగం యజమాని కడతాడు.